మా కుక్కకు బొచ్చు తిరిగి వచ్చేదాకా: నా అనుభవం

ఏడాది నిండకముందే మా కుక్కకు కంటి చుట్టూ, ముందు కాళ్ళ మీద బొటనవేలి గోరంత మేర బొచ్చు ఊడిపోయింది. దురద పెద్దగా లేకపోవడంతో అది కేవలం బొచ్చుకు వచ్చిన సమస్యేననుకున్నాను. మనకు పనిచేసేది దానికీ పనిచేస్తుందన్న నమ్మకంతో రోజు విడిచి రోజు మా షాంపూతోనే స్నానం చేయించాను, తలకు రాసుకునే నూనె పట్టించాను, చివరకు ఇంట్లో మిగిలిపోయిన దురద మందు కూడా పూశాను. మూడు వారాలు తిరిగేసరికి మచ్చలు మెడ దాకా పాకాయి, చర్మం ఎర్రబడి చీముపొక్కులు లేచాయి.

పశువైద్యుడు బొచ్చు సంగతి పక్కనపెట్టి, ముందుగా నేను ఏమేమి పూశానో అడిగారు. తరువాత మచ్చ దగ్గర చర్మాన్ని రెండు వేళ్ళతో నొక్కిపట్టి, మొద్దు బ్లేడుతో రక్తం చెమర్చేదాకా గీకి, ఆ గీకుడును గాజు పలకపై నూనెచుక్కలో కలిపి సూక్ష్మదర్శిని కింద పెట్టారు. నన్నూ చూడమన్నారు. సన్నని పొగాకు చుట్టల్లా పొడవుగా, పొట్టి కాళ్ళతో కదులుతున్న జీవులు కనిపించాయి. వాటి పేరు డెమోడెక్స్.

పాలు తాగే రోజుల్లోనే తల్లి నుంచి పిల్లకు చేరే ఈ పురుగులు దాదాపు అన్ని కుక్కల వెంట్రుకల కుదుళ్ళలోనూ కొద్దిపాటిగా ఉంటాయట. రోగనిరోధక శక్తి సరిగా ఉన్నంతకాలం హద్దు దాటవు, అది తగ్గినప్పుడు విపరీతంగా పెరిగి కుదుళ్ళను దెబ్బతీస్తాయి. నేను పూసిన దురద మందులో స్టెరాయిడ్ ఉంది. అంటే చర్మానికి ఉన్న కాస్త రక్షణనూ నేనే తగ్గించి, పురుగులకు దారి ఇచ్చానన్నమాట. షాంపూ విషయంలోనూ తప్పు నాదే: మన చర్మం కొంచెం ఆమ్లగుణం కలది, కుక్క చర్మం తటస్థానికి దగ్గరగా ఉండి, పైపొర మనకంటే పలుచగా ఉంటుంది, కాబట్టి మన షాంపూ దానికి సరిపడదు.

పురుగులకు ఐసోక్సజోలిన్ వర్గానికి చెందిన నమిలే మాత్ర, చీముపొక్కులకు క్లోర్‌హెక్సిడిన్ అనే క్రిమిసంహారకం కలిసిన షాంపూ రాసిచ్చారు. ఈ వర్గం మందులు కొన్ని కుక్కలకు మూర్ఛ తెప్పించవచ్చు కాబట్టి, మాత్ర ఇచ్చే ముందు మా కుక్కకు ఎప్పుడైనా మూర్ఛ వచ్చిందా అని గుచ్చి గుచ్చి అడిగారు. షాంపూను కడిగే ముందు 10 నిమిషాలు ఒంటిమీద ఉంచాలన్న నియమం వినడానికి సులువే గాని, తడిసిన కుక్కను కదలకుండా పట్టుకున్నవారికే ఆ 10 నిమిషాల పొడవు తెలుస్తుంది. ఒళ్ళంతా గొరిగిస్తే త్వరగా మానుతుందేమోనని అడిగితే వద్దన్నారు. రెండు పొరల బొచ్చున్న కుక్కలకు అలా గొరిగిన చోట తిరిగి పెరగడానికి కొన్నిసార్లు ఏడాది దాటుతుందట.

తిండి మాటకొస్తే, వెంట్రుక చాలావరకు మాంసకృత్తులతోనే తయారవుతుంది, కుక్క రోజూ తినే మాంసకృత్తుల్లో దాదాపు 25 నుంచి 30 శాతం చర్మానికీ బొచ్చుకే ఖర్చవుతుంది. అందుకే కుక్కల కోసం తయారైన సంపూర్ణాహారానికి మారి, బరువును బట్టి వైద్యుడు చెప్పిన కొలతలో చేపనూనె కలిపాను. కాడ్ లివర్ నూనెను దాని బదులు వాడవద్దని, అందులోని ఎ, డి విటమిన్లు మోతాదు మించితే హాని చేస్తాయని ఆయన హెచ్చరించారు. చేపనూనె బొచ్చుకు నిగారింపు తెచ్చింది. అయితే పురుగులున్న చోట అది ఒక్కటే బొచ్చు మొలిపిస్తుందని నేను నమ్మను.

నాలుగు వారాల దాకా ఎరుపు తగ్గడం తప్ప మార్పేమీ కనిపించలేదు. ఆరో వారంలో మెడ మీద మెత్తని నూగు వచ్చింది, అది చూసి మందు చాలనుకున్నాను. బొచ్చు వచ్చినంత మాత్రాన ఆపకూడదని, నెల ఎడంతో చేసిన రెండు పరీక్షల్లో వరుసగా ఒక్క పురుగూ కనిపించకపోతేనే చికిత్స ముగిసినట్టని వైద్యుడు చెప్పారు. రెండో పరీక్షనాడు సూక్ష్మదర్శినిలోకి నేనూ చూశాను; విరిగిన వెంట్రుక ముక్కలు తప్ప ఏమీ లేవు. కంటి చుట్టూ ఉన్న మచ్చ మాత్రం అన్నిటికంటే ఆలస్యంగా, ఆ తరువాత మరో నెలకు పూర్తిగా నిండింది.