కంపెనీ విజిట్‌కి వెళ్లి గేటు దగ్గరే ఆగిపోయాను

ఇండస్ట్రియల్ విజిట్ అంటే మా క్లాసులో చాలామందికి బస్సులో గోల, చివర్లో గ్రూప్ ఫోటో, అంతే. నాకూ అంతే అనుకోండి, కాకపోతే సీఆర్‌ని (క్లాస్ రిప్రజెంటేటివ్‌ని) కాబట్టి పర్మిషన్ తెచ్చే పని నా నెత్తిన పడింది. దాని కోసం రెండు నెలలు తిరిగాను, లోపల ఉన్నది మూడు గంటలు కూడా కాదు. ఈ పని నెత్తిన పడ్డ ఇంకో సీఆర్ ఎవరైనా ఉంటే పనికొస్తుందని రాస్తున్నా.

మొదట చేసిన తెలివితక్కువ పని, వెబ్‌సైట్లలో కనిపించిన మెయిల్ ఐడీలన్నిటికీ ఒకటే లెటర్ పంపడం. పద్నాలుగు కంపెనీలకు పంపితే పదమూడు ఉలకలేదు పలకలేదు, మిగిలిన ఒక్కరూ "మీకు ఎంత సరుకు కావాలో తెలపండి" అని రాశారు. లెటర్ పూర్తిగా చదివి ఉండరు. చివరికి మా సీనియర్ ఒకతను సీసాలకు ప్లాస్టిక్ మూతలు చేసే కంపెనీలో క్వాలిటీ డిపార్ట్‌మెంట్‌లో ఉన్నాడని తెలిసి ఫోన్ చేశాను.

"అన్నా, అరవై మందిమి వస్తాం" అన్నాను.

"అరవై మందా? మిషన్ల మధ్య ఇద్దరు పక్కపక్కన నడిస్తే ఎక్కువరా. ఇరవై మందిని తీసుకురా. నెలాఖరున మాత్రం అడక్కు, డిస్పాచ్ టెన్షన్‌లో ఎవరూ మీ మొహం చూడరు. షిఫ్ట్ మారే టైమ్‌కీ వద్దు."

అన్న చెప్పినట్టే నెల మధ్యలో తేదీ అడిగితే హెచ్‌ఆర్ మేడమ్ నుంచి ఒక ఫారం వచ్చింది. పేర్లు, ఐడీ నంబర్లు, వెంట వచ్చే లెక్చరర్ ఎవరు, ఇన్సూరెన్స్ ఉందా, ఇవన్నీ ఓకే. ఆఖరి గడిలో "ఏం తెలుసుకోవాలని వస్తున్నారు" అని ఉంది. "ఉత్పత్తి విధానంపై అవగాహన కోసం" అని నింపి పంపాను. మర్నాడు మేడమే ఫోన్ చేసి, "ఇది అందరూ రాసేదే. మీకు నిజంగా ఏం తెలుసుకోవాలని ఉంది?" అన్నారు. నాకు నోట మాట రాలేదు. సాయంత్రం నలుగురం కూర్చుని చాలాసేపు కొట్టుకుని ఒకే వాక్యం రాశాం: ఆర్డర్ వచ్చిన రోజు నుంచి ఆ డబ్బు చేతికొచ్చే రోజు దాకా మీ దగ్గర ఏం జరుగుతుంది? ఆ వాక్యం చూశాకే ఆవిడ స్టోర్స్‌లో ఒకరిని, ప్లానింగ్‌లో ఒకరిని, అకౌంట్స్ సార్‌ని కూడా మాకోసం కాసేపు ఖాళీ చేయించారు. లేకపోతే స్లైడ్లు చూపించి పంపేసేవాళ్లే.

ఇక అసలు రోజు. "బూట్లు తప్పనిసరి" అని గ్రూపులో మూడుసార్లు పెట్టింది నేనే. బస్సు దిగుతుంటే నా బూటు అడుగు మొత్తం ఊడి చేతికొచ్చింది. బ్యాగులో ఉన్న చెప్పులు వేసుకుని వెళ్తే సెక్యూరిటీ ఆయన ఒక్క చూపు చూసి, "వేళ్లు కనపడితే పంపను బాబూ" అన్నారు. బతిమాలాను, కుదరలేదు. అందరూ ఫోన్లు కౌంటర్‌లో ఇచ్చి, పాస్‌లు మెడలో వేసుకుని, నన్ను చూసి నవ్వుకుంటూ లోపలికి పోయారు.

నలభై నిమిషాలు గేటు దగ్గర సెక్యూరిటీ క్యాబిన్‌లోనే. నిజం చెప్పాలంటే అక్కడే ఎక్కువ నేర్చుకున్నా. ప్లాస్టిక్ గుళికల లారీ వచ్చింది, 25 కిలోల సంచులు 400, అంటే 10 టన్నులు. బిల్లులో అంకె ఉంది కదా అని దించుకోరు. నిండు లారీని కాటా మీద తూచి, సరుకు దించాక ఖాళీ లారీని మళ్లీ తూస్తారు, తేడా ఎంతో అదే లెక్క. ఈలోపు బయటికి పోవాల్సిన ఇంకో లారీ ఆగిపోయింది. ఇన్వాయిస్‌లో బండి నంబరు ఒక్క అంకె తప్పు. డ్రైవర్ గొడవ, లోపలికి ఫోన్లు, కొత్త కాగితం కోసం ఒకతను పరుగు. "ఒక్క అంకేగా సార్" అన్నాను. "బండి గేటు దాటితేనే అది అమ్మినట్టు. అప్పటిదాకా మా గోడౌన్‌లో ఉన్నట్టే లెక్క" అన్నారాయన. పుస్తకంలో అమ్మకం అని చదివింది ఇదా అనిపించింది.

తర్వాత సేఫ్టీ ఆఫీసర్ ఎక్కడి నుంచో ఒక జత బూట్లు తెచ్చిచ్చారు, నా కాలికంటే రెండు సైజులు పెద్దవి. టపటపలాడించుకుంటూ లోపలికి వెళ్లేసరికి స్లైడ్లన్నీ అయిపోయాయి. పెద్దగా బాధపడలేదు.

మిషన్ల దగ్గర ఒక అక్క ఎర్ర డబ్బాలోంచి ఒక మూత తీసి నా అరచేతిలో పెట్టింది. చూడ్డానికి బాగానే ఉంది. వేలితో అంచు తడమమంది, మూత బిగుసుకునే మర గీత ఒకచోట సగంలోనే ఆగిపోయింది. ప్లాస్టిక్ అచ్చు నిండా చేరలేదన్నమాట. ఇంకోదానికి అంచున పల్చటి రెక్కలా వచ్చింది, అది ఎక్కువై బయటికి కారడం. ఒక మూత తయారయ్యే టైమ్‌లో ఎక్కువ భాగం కరిగించడానికో పోయడానికో కాదట, చల్లారడానికే పోతుందట. దానికంటే పెద్ద బాధ ఇంకో రకం మూత కోసం అచ్చు మార్చడం, వాళ్లకు గంటన్నర పడుతుంది. మార్పిడిని 10 నిమిషాల లోపు, అంటే ఒక్క అంకె నిమిషాల్లో ముగించాలనే పద్ధతిని జపాన్ ఇంజనీర్ షిగెవో షింగో ఎప్పుడో చెప్పాడని ప్లానింగ్ ఆయనే చెప్పి, "మేమింకా అక్కడికి రాలేదు" అని నవ్వారు. చిన్న ఆర్డర్లు ఎందుకు తీసుకోరో అప్పుడర్థమైంది. కాసిని మూతల కోసం గంటన్నర మిషన్ ఆపితే ఏం మిగులుతుంది?

అకౌంట్స్ సార్ బోర్డు మీద నాలుగు అంకెలే వేశారు. సరుకు కొన్నప్పటి నుంచి మూతలై బయటికి పోయేదాకా 50 రోజులు, కస్టమర్ డబ్బిచ్చేది ఇంకో 60 రోజులకు, మొత్తం 110. గుళికలు ఇచ్చినవాళ్లకు మాత్రం 45 రోజుల్లో కట్టేయాలి. మధ్యలో 65 రోజులు ఎవరి డబ్బుతో నడవాలి? "లాభంలో ఉండి కూడా జీతాలకు వెతుక్కునే కంపెనీలు ఇందుకే ఉంటాయి" అన్నారు. సెమిస్టర్ మొత్తం చదివినా ఎక్కని వర్కింగ్ క్యాపిటల్, అంటే రోజువారీ పని నడవడానికి కావాల్సిన డబ్బు, పది నిమిషాల్లో ఎక్కింది.

రిసెప్షన్ గోడ మీద ఐఎస్ఓ 9001:2015 సర్టిఫికెట్ చూసి "అయితే క్వాలిటీ గ్యారంటీ అన్నమాట" అన్నాడు మావాడొకడు. సీనియర్ అన్న తల అడ్డంగా ఊపాడు. అది మూతకిచ్చింది కాదట, రాసుకున్న పద్ధతి ప్రకారం పని చేస్తున్నారా అని చూసి ఇచ్చేదట.

కెరీర్ గురించి అడిగినప్పుడు మాత్రం మొదట్లో అన్నీ పొడి జవాబులే వచ్చాయి, "కష్టపడాలి, కమ్యూనికేషన్ ముఖ్యం" లాంటివి. ఒకమ్మాయి ప్రశ్న మార్చి, "మేడమ్, నిన్న మీరు పొద్దుట్నుంచి ఏం చేశారు?" అంది. హెచ్‌ఆర్ మేడమ్ ఒక్క క్షణం ఆగి, నిన్న సగం రోజు అటెండెన్స్‌కీ ఓవర్‌టైమ్‌కీ లెక్క కుదరక ముగ్గురితో కూర్చున్నానని, మిగతా సగం ఒక మంచి ఆపరేటర్ మానేస్తానంటే మాట్లాడుతూ గడిపానని చెప్పారు. హెచ్‌ఆర్ అంటే ఇంటర్వ్యూలే అనుకునే మా ఫ్రెండ్ వచ్చేటప్పుడు బస్సులో చాలాసేపు మాట్లాడలేదు. ఇప్పటికీ హెచ్‌ఆరే అంటున్నాడులెండి.

రిపోర్టుతో పాటు థాంక్స్ మెయిల్ పంపితే, మిగిలిన నలభై మందిని రెండు బ్యాచ్‌లుగా తీసుకురమ్మని మేడమ్ జవాబిచ్చారు. కొత్త లిస్టులో పేరు, ఐడీ నంబరు పక్కన బూట్ల సైజు అని ఒక కాలమ్ పెట్టాను.