పడుకుని చూస్తే కనిపించే గది

నాన్నకు తుంటి ఎముక విరిగితే ఆపరేషన్ చేశారు. బాగానే జరిగిందన్నారు. మూడో రోజు రాత్రి రెండింటికి నాన్న లేవబోతూ, "రైలు వెళ్లిపోతుంది, పెట్టె దించు" అన్నాడు. నన్ను గుర్తుపట్టలేదు. చేతికున్న సెలైన్ గొట్టం పీకేస్తుంటే ఆపడం నా వల్ల కాలేదు.

దీన్ని డెలీరియం అంటారని డాక్టర్ గారు చెప్పారు. తుంటి ఆపరేషన్ అయిన పెద్దవయసువాళ్లకు తరచూ వస్తుందట. నొప్పి, మందులు, ఇన్ఫెక్షన్, నిద్రలేమి, ఇలా కారణాలు చాలా. రక్తపరీక్షలు చేయించి కొన్ని మందులు మార్చారు. నైట్ డ్యూటీ సిస్టర్ మాత్రం ఇంకో మాట అంది: "ఈ మంచం మీద ఉంటే పగలో రాత్రో ఆయనకెలా తెలుస్తుందండీ?"

మర్నాడు నాన్నను ఎక్స్‌రేకి తీసుకెళ్లినప్పుడు, ఆ ఖాళీ మంచం మీద పడుకుని చూశాను. సరిగ్గా కళ్ల మీదే ట్యూబ్‌లైట్. ఒక చివర నల్లబడి, సన్నగా వణుకుతోంది. ఒక పక్క గోడ, ఇంకో పక్క కర్టెన్. గడియారం నా తల వెనక ఉంది, వార్డులో నడిచేవాళ్లకు తప్ప కనబడదు. పక్క మంచం మానిటర్ కూత, ట్రాలీ చక్రాల కిర్రు, తలుపు దబ్బుమనడం. వార్డుల్లో రాత్రిపూట శబ్దం 30 డెసిబెల్స్ దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. అంటే గుసగుసంత. నేను పది నిమిషాలకే లేచిపోయాను. నాన్న నాలుగు రోజులుగా అక్కడే ఉన్నాడు, నేను పక్కనే కుర్చీలో కూర్చుని ఇవేవీ గమనించలేదు. అది తలుచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది.

కిటికీ పక్క మంచం అడిగితే ముందు కుదరదన్నారు. ఈలోగా మా చేతిలో ఉన్నవి చేశాం. కళ్లజోడు, చెవి మిషన్ తిరిగి పెట్టాం. పెద్ద అంకెల గడియారం ఆయన కళ్లకెదురుగా తగిలించాం. పది దాటాక ఆ ట్యూబ్‌లైట్ ఆర్పి, గోడవైపు చిన్న లైటు వేయడానికి సిస్టర్ ఒప్పుకుంది. రెండు రోజులకు ఒకరు డిశ్చార్జ్ అయ్యి కిటికీ దగ్గర మంచం దొరికింది.

ఆ రోజుల్లోనే దీని గురించి చదివాను. 1984లో రోజర్ ఉల్‌రిచ్ అనే పరిశోధకుడు అమెరికాలో పిత్తాశయం ఆపరేషన్ అయిన 46 మంది రికార్డులు పోల్చి చూశాడు. కిటికీలోంచి చెట్లు కనిపించినవాళ్లు సగటున 8 రోజుల్లోపే ఇంటికెళ్లారు, ఇటుక గోడ కనిపించినవాళ్లకు 8.7 రోజులు పట్టింది. బలమైన నొప్పి మందులు కూడా మొదటివాళ్లకే తక్కువ పడ్డాయి. చిన్న అధ్యయనమే. నన్ను ఎక్కువ కదిలించింది మాత్రం ఫిన్లాండ్‌లో 1933లో పూర్తయిన పైమియో క్షయ ఆసుపత్రి. ఆర్కిటెక్ట్ ఆల్వార్ ఆల్టో అక్కడి గదులను పడుకున్న మనిషి కోసం గీశాడు. పైకప్పుకు కళ్లకు హాయినిచ్చే ఆకుపచ్చ రంగు, రోగి చూపుకు తగలని దీపాలు, నీళ్లు చప్పుడు లేకుండా పడే వాష్‌బేసిన్లు. ఇంత పాత ఆలోచన మన మంచాల దాకా ఎందుకు రాలేదు?

నాన్న మెల్లగా తేరుకున్నాడు. మందుల వల్ల ఎంత, కిటికీ వల్ల ఎంత అని విడదీసి చెప్పలేను. ఒక సాయంత్రం బయటికి చూస్తూ, "చీకటి పడుతోంది, నువ్వింక ఇంటికెళ్లు" అన్నాడు. ఆ మాటకు నాకు ఏడుపొచ్చింది.

డిశ్చార్జ్ రోజు ఫీడ్‌బ్యాక్ ఫారం ఇచ్చారు. సూచనల గడిలో పాత మంచం నంబరు వేసి రాశాను: "దయచేసి ఒక్కసారి దీని మీద పడుకుని పైకి చూడండి."