మూడేళ్ల పాపతో అరకు: బొర్రా గుహలు చివరి రోజుకు

జనవరి 26 సోమవారం పడటంతో మూడు రోజులు కలిసొచ్చాయి. మూడున్నరేళ్ల పాపతో విశాఖపట్నం నుంచి అరకు వెళ్లాం. ఇలాంటి సెలవులకు చాలామంది పట్టే వరస ఒకటుంది: పొద్దున్నే కిరండూల్ పాసింజరెక్కడం, బొర్రా గుహలు స్టేషన్లో దిగడం, గుహలు చూసుకుని అక్కణ్నుంచి బండి మాట్లాడుకుని అరకు చేరడం. పెద్దవాళ్ల వరకూ బాగానే ఉంటుంది. చిన్నపిల్లలున్నవాళ్లు మాత్రం ఆ వరసను తిరగెయ్యాలి. రైల్లో నేరుగా అరకుకు, గుహలు తిరుగుదారిలో.

కారణం గుంపు. రైలు ఆగగానే బోగీలకు బోగీలు ఖాళీ అవుతాయి. టికెట్ల దగ్గరా ఆ జనమే, గుహలో మెట్ల మీదా ఆ జనమే. చీకటితో లేపిన పిల్లకు సరిగ్గా కునుకు ముంచుకొచ్చే వేళకి ఆ మెట్ల ముందుంటారు. అక్కడ మొదలైన ఏడుపు సాయంత్రం దాకా ఆగదు.

రైలు రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుచుకుంటుంది. సెలవుల వారాంతమైతే ఆ మొదటి రోజే చూసుకోవాలి, ముఖ్యంగా అద్దాల బోగీ విస్టాడోమ్‌కి. 5 ఏళ్ల లోపు పిల్లలకు టికెట్ అక్కర్లేదు, అయితే సీటూ ఉండదు. నాలుగు గంటలు ఒళ్లో కూర్చోబెట్టడం అయ్యే పని కాదు కాబట్టి పూర్తి ఛార్జీ కట్టి సీటు తీసుకోవడమే మేలు. మామూలు బోగీలో అయితే వెళ్లేటప్పుడు కుడివైపు కిటికీ అడగండి, లోయలు ఎక్కువగా అటే కనిపిస్తాయి. కిటికీ ఊచల్లోంచి పిల్లలు చెయ్యి బయట పెట్టకుండా పెద్దవాళ్లొకరు పక్కనే ఉండాలి. సొరంగం గోడ చాలా దగ్గరగా వస్తుంది.

ఈ దారిలో 58 సొరంగాలున్నాయంటారు. పాపతో వాటిని లెక్కపెట్టించాం. ఇది కాలక్షేపం కోసమే కాదు. చీకటి వస్తుంది, కాసేపుంటుంది, పోతుంది అన్నది పిల్లలకు ఒంటబట్టాలి. మూడో రోజు గుహలోకి దిగినప్పుడు ‘పెద్ద సొరంగం’ అంటే చాలు, భయపడరు. గుహలు చివరికి పెట్టుకోవడంలో ఉన్న రెండో లాభం ఇదే.

అరకుకు ముందొచ్చే శిమిలిగూడ స్టేషన్ ఎత్తు 996 మీటర్లు. సముద్రపు ఒడ్డున ఎక్కిన పిల్లకు అరకులో దిగేటప్పటికే గాలి తేడా తెలుస్తుంది. జనవరిలో మధ్యాహ్నం ఎండ చురుక్కుమంటుంది, రాత్రి ఎముకలు కొరికే చలి. లావు స్వెట్టరు ఒక్కటే తేవడం అందరూ చేసే పొరపాటు: ఆటలో చెమట పట్టి, అది ఆరేలోపు ఒళ్లు చల్లబడి వణుకు పుడుతుంది. పల్చటి పూర్తి చేతుల బనీను, దాని మీద చొక్కా, ఆపైన స్వెట్టరు, చెవుల టోపీ. ఎండ ఎక్కేకొద్దీ ఒక్కొక్కటే విప్పాలి. గదిలో వేడినీళ్లు ఏ వేళల్లో వస్తాయో ముందే అడగాలి. కొన్నిచోట్ల పొద్దున్న మాత్రమే ఇస్తారు.

రెండో రోజు మొత్తానికి పెట్టుకున్నవి రెండే. పొద్దున గిరిజన మ్యూజియం, సాయంత్రం పద్మాపురం తోట. మధ్యలో గదికొచ్చి రెండు గంటల నిద్ర. మ్యూజియంలో గిరిజనుల ఇళ్లు, పనులు, థింసా నాట్యం నిలువెత్తు బొమ్మలుగా ఉంటాయి. చదవడం రాని పిల్లలకు కూడా అర్థమవుతుంది. తోటలో చిన్న రైలుంది, అది చాలు. చాపరాయి వదిలేశాం. నీళ్లు పారే ఆ బండ మీద పాకుడుంటుంది, పెద్దవాళ్లకే కాలు నిలవదు. పిల్లను ఎత్తుకుని అక్కడ నడవకూడదు. మబ్బులు చూడ్డానికి చీకట్లో వంజంగి కొండెక్కడం కూడా ఈ వయసుకు కాదు. వలిసె పూల కోసమైతే నవంబరు, డిసెంబరులో రావాలి.

మూడో రోజు పెందలాడే కారులో బయల్దేరి, గుహలు తెరిచే వేళకు అక్కడున్నాం. అప్పటికింకా రైలు రాలేదు. గుహ బయట కోతులుంటాయి. పిల్లల చేతిలో బిస్కెట్ ప్యాకెట్ కనబడితే లాక్కుంటాయి కాబట్టి తినిపించడం కారులోనే అయిపోవాలి. లోపల మెట్లు ఎక్కువ, పైనుంచి కారే నీళ్లతో తడిగా ఉంటాయి. చెప్పులు జారతాయి, పట్టున్న బూట్లే వెయ్యాలి. తోపుడు బండి దండగ. పిల్లను కట్టుకునే సంచీ అయితే ముందువైపే కట్టుకోండి. వీపున కట్టుకుంటే, కప్పు కిందికి ఉన్నచోట మీరు వంగినా పిల్ల తల రాయికి తగులుతుంది. గబ్బిలాల కంపు కొందరు పిల్లలకు పడదు. టార్చి నేల మీదికే వెయ్యాలి, కప్పు మీదికి వేస్తే అవి లేస్తాయి. శివలింగం దాకా ఉన్న నిటారు మెట్లు ఒకరి తర్వాత ఒకరు ఎక్కొచ్చాం, పాప కింద ఇంకొకరి దగ్గరుంది. గంటలో బయటపడ్డాం. రైలు జనం అప్పుడే ఎదురొస్తున్నారు.

కొండ దిగేటప్పుడు రైలు వద్దనుకున్నాం. ఆ లైను 1960లలో ఛత్తీస్‌గఢ్ వైపున్న బైలదిల్లా గనుల ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చడానికి వేసింది. ఖనిజపు బళ్ల రద్దీలో పాసింజరు ఆలస్యమైతే ఇల్లు చేరేసరికి బాగా రాత్రవుతుంది. రోడ్డు మీద ఉన్న చిక్కు వాంతులు. ఖాళీ కడుపూ పనికిరాదు, నిండు కడుపూ పనికిరాదు. బయల్దేరే గంట ముందు రెండు ఇడ్లీలు చాలు. ఫోను చూపిస్తే మలుపుల్లో కళ్లు తిరుగుతాయి, కాబట్టి దూరంగా కొండల వైపు చూపించాలి. చెవులు దిబ్బడేసినప్పుడు గుక్కెడు నీళ్లు పట్టాలి. డ్రైవరుకు ముందే చెప్పి అనంతగిరి దగ్గర ఓ పావుగంట దిగి నడిపించాలి. ఒక జత బట్టలు, తడిగుడ్డ, మూతి గట్టిగా బిగించే ప్లాస్టిక్ సంచులు నాలుగు డిక్కీలో కాదు, కాళ్ల దగ్గరే ఉండాలి. శృంగవరపుకోట దాటాక మలుపులు తగ్గిపోతాయి. పాప అక్కడికి వచ్చేసరికే నిద్రపోయింది.