మధ్యాహ్నం ఆగిపోయే ఏసీ, పుల్లీలో గరగర

దాళ్వా (రెండో పంట వరి) కోతలు మొదలైన వారంలో మా కారు ఒకేసారి రెండు ఇబ్బందులు తెచ్చిపెట్టింది. ఇంజను ఆన్ చేయగానే కుడి చక్రం వైపు నుంచి రోట్లో ఇసుక వేసి నూరినట్టు గరగరమని మోత వచ్చేది. ఏసీ సంగతి మరో రకం. పొద్దున కొత్తపేటలో బయలుదేరినప్పుడు చల్లగా వచ్చే గాలి మధ్యాహ్నం తిరుగు ప్రయాణంలో గంట గడిచేసరికి వేడెక్కేది; సాయంత్రం ఎండ తగ్గాక ఏమీ ఎరగనట్టు మళ్లీ చల్లబడేది. చూపించిన చోట బానెట్ ఎత్తి ఒక నిమిషం విని, గ్యాస్ కారిపోతోందనీ, ఆ గ్యాస్‌ను నొక్కి తిప్పే కంప్రెషర్ పోయిందనీ మొత్తం మార్చాలనీ చెప్పారు. వాళ్లడిగిన సొమ్ము మా పద్నాలుగేళ్ల కారుకు ఇప్పుడు పలికే ధరలో ఆరో వంతు. జూనియర్ కాలేజీలో ఫిజిక్సు చెప్పుకునే నాకు ఆ మాట పొసగలేదు. కారిపోయిన గ్యాస్ సాయంత్రానికి తిరిగి ఎక్కడి నుంచి వస్తుంది?

మా కారులాంటి పాత బళ్లలో కంప్రెషర్ పుల్లీ, కంప్రెషర్ ఇరుసు అన్నివేళలా కలిసి తిరగవు. ఇంజను నడుస్తున్నంతసేపూ బెల్టు పుల్లీని తిప్పుతూనే ఉంటుంది. ఏసీ మీట నొక్కినప్పుడు మాత్రమే పుల్లీ వెనకున్న కాయిల్ అయస్కాంతంగా మారి, ముందున్న ఉక్కు ప్లేటును పుల్లీకి అతుక్కునేలా లాగుతుంది, అప్పుడు ఇరుసు తిరుగుతుంది. ఆ అతుక్కునే క్షణంలో వచ్చే ‘టక్’ మనే చప్పుడు అందరికీ తెలిసిందే. కాబట్టి ఏసీ ఆపి ఉన్నప్పుడు కూడా మోత వస్తోందంటే, తిరగని కంప్రెషర్ లోపలి భాగాలను నిందించడం న్యాయం కాదు. ఇలా అతికి విడిపోయే క్లచ్ లేకుండా ఎప్పుడూ తిరిగే కంప్రెషర్లున్న కొత్త కార్లకు ఈ తర్కం వర్తించదు.

మా వీధిలో రొయ్యల చెరువుల్లో నీళ్లకు గాలి అందించే ఏరేటర్లు బాగుచేసే కుర్రాడొకడున్నాడు. ఆదివారం పొద్దున వచ్చి, ఇంజను ఆపి ఏసీ బెల్టు తప్పించి, మళ్లీ స్టార్ట్ చేయమన్నాడు. మోత లేదు. “ఆయ్, ఇది కంప్రెషర్ కాదండి మాస్టారూ, ముందున్న పుల్లీలేనండి” అన్నాడు. మా కారులో ఏసీకి విడి బెల్టు ఉంది కనుక ఈ పరీక్ష సాగింది. వాటర్ పంపును కూడా అదే బెల్టు తిప్పే బళ్లలో ఇలా నడిపితే ఇంజను వేడెక్కిపోతుంది. తర్వాత పుల్లీలను చేత్తో తిప్పి చూశాం. బెల్టు బిగింపు కోసం ఉండే చిన్న పుల్లీ గలగలమంటూ ఆగకుండా తిరిగింది. లోపల గ్రీజు ఎండిపోయిందనడానికి అదే గుర్తు. పుల్లీ లోపల గుండ్ల మీద తిరిగే రింగుల జతను బేరింగు అంటారు; మంచి బేరింగు గ్రీజు పట్టు వల్ల కాస్త బరువుగా తిరిగి ఆగుతుంది. కంప్రెషర్ పుల్లీ మాత్రం వేళ్లకు ఇసుక తగిలినట్టు గరుకుగా కదిలింది.

బ్యాటరీ నెగటివ్ తీగ తీసి, జాకీ మీద లేపిన బండికి స్టాండు పెట్టి, కుడి చక్రం విప్పాక అసలు కారణం కనబడింది. చక్రం లోపల ఉండాల్సిన బురద కవచం సగం విరిగిపోయి ఉంది. అది నాకు తెలియనిది కాదు, రెండు వర్షాకాలాలుగా రేపు మాపు అంటూ వాయిదా వేసినదే. కాలవగట్ల బురద నీళ్లూ, రోడ్ల మీద ఆరబోసిన గడ్డి పొట్టూ నేరుగా పుల్లీల మీద పడుతున్నాయి.

చిన్న పుల్లీలో ఉన్నది 6203 నంబరు బేరింగు. లోపలి రంధ్రం 17 మిల్లీమీటర్లు, బయటి వ్యాసం 40, వెడల్పు 12. రెండు పక్కలా రబ్బరు సీలు ఉన్నది అడిగి తెచ్చాను. రేకు మూతది చవకైనా మన బురదకు నిలవదు. దీని పని అరగంటలో అయిపోయింది.

కంప్రెషర్ పుల్లీ అంత తేలిగ్గా లొంగలేదు. నట్టు విప్పుతుంటే ప్లేటు కూడా తిరుగుతుంది కాబట్టి, ఇనప పట్టీకి రెండు బోల్టులు బిగించి ప్లేటు రంధ్రాల్లో ఆనించి పట్టుకున్నాం. ప్లేటు ఊడి రాగానే ఇరుసు మీద నుంచి మూడు పల్చటి వాషర్లు జారాయి. ప్లేటుకూ పుల్లీకీ మధ్య సందు ఎంత ఉండాలో నిర్ణయించే వీటిని షిమ్ములంటారు. ఒకటి నా వేళ్ల మధ్య నుంచి కింద పరిచిన గోనె మీద పడి, అక్కడి నుంచి గడ్డి పొట్టులోకి దొర్లింది. కాగితం కంటే కాస్త మందం, చిన్న నాణెమంత వెడల్పు. స్పీకరు అయస్కాంతంతో పావుగంట వెతికితే దొరికింది. ఆ ముక్క మీదే మధ్యాహ్నపు ఏసీ గుట్టంతా ఆధారపడి ఉందని అప్పటికి నాకు తోచలేదు.

విప్పక ముందు ప్లేటుకూ పుల్లీకీ మధ్య సందును ఫీలర్ గేజ్‌తో (సందు కొలిచే సన్నటి రేకులతో) కొలిచి రాసుకున్నాను. 0.9 మిల్లీమీటర్లు వచ్చింది. ఇలాంటి క్లచ్‌లలో సాధారణంగా ఉండాల్సింది 0.3 నుంచి 0.6 లోపు. ఏళ్ల తరబడి రాపిడితో రెండు ముఖాలూ అరిగి సందు పెరిగింది. కాయిల్ నిరోధం చూస్తే 3.6 ఓములు, అంటే 12 వోల్టుల దగ్గర 3.3 ఆంపియర్లు, కాయిల్‌లో లోపం లేదు. అయితే రాగి తీగ వేడెక్కితే దాని నిరోధం డిగ్రీకి సుమారు 0.39 శాతం పెరుగుతుంది. ఎండలో, ఇంజను పక్కన 60 డిగ్రీలు అదనంగా వేడెక్కిన కాయిల్‌కు 4.4 ఓములొస్తాయి, కరెంటు 2.7 ఆంపియర్లకు పడిపోతుంది. అయస్కాంతపు లాగుడు దాదాపు కరెంటు వర్గాన్ని బట్టి మారుతుంది కనుక మూడింట రెండు వంతులే మిగులుతుంది. సందు పెరిగినప్పుడు కూడా లాగుడు అదే తీరున పడిపోతుంది. ఉదయం చల్లని కాయిల్ 0.9 సందును ఎలాగో దాటించేది, మధ్యాహ్నం వేడి కాయిల్‌కు ఆ శక్తి చాలేది కాదు, ప్లేటు అతుక్కునేది కాదు. గ్యాస్‌కు ఇందులో పాత్రే లేదు.

పాత బేరింగును పుల్లీ నుంచి తీయడానికి మాత్రం ఇంట్లో సుత్తి పట్టుకోలేదు. రావులపాలెంలో లేతు మిషను దగ్గర ప్రెస్సు మీద తీయించి, కొత్తది వేయించాను. పుల్లీలోకి దింపేటప్పుడు బయటి రింగు మీదే ఒత్తిడి పడాలి, కంప్రెషర్ ముక్కు మీదికి ఎక్కించేటప్పుడు లోపలి రింగు మీదే. ఇది తారుమారైతే ఆ బలమంతా గుండ్ల గుండా పోయి రింగుల మీద సన్నటి గుంటలు పడతాయి, కొత్త బేరింగే మొదటి రోజు నుంచి కూత పెడుతుంది. ఎక్కించడానికి పాత బేరింగు లోపలి రింగునే ఆధారంగా వాడి, చుట్టూ సమంగా తట్టాం.

ఆ తర్వాత 0.4 మిల్లీమీటర్ల మేర షిమ్ములు తగ్గించి బిగిస్తే సందు 0.5కు వచ్చింది. మూడు చోట్ల కొలిచి చూశాను. తీసేసిన వాటిలో నేను అంతసేపు వెతికినదే ఉండటం చూసి మా కుర్రాడు నవ్వాడు. బెల్టు కూడా మార్చాం. దాని మీద 4పీకే అని ఉంటుంది. అంటే నాలుగు చాళ్లు, పక్కనున్న అంకె మిల్లీమీటర్లలో పొడవు. కూత పెడితే బెల్టుకు సబ్బు రాసే అలవాటు మావైపు ఉంది గానీ, అరిగిన చాళ్లకు అది చికిత్స కాదు. బెల్టును అతిగా బిగించడమూ అంతే ప్రమాదం, ఆ భారమంతా బేరింగులే మోయాలి.

ఇంత చేసినా గ్యాస్ గొట్టాల నట్లను తాకలేదు, తాకను కూడా. ఇంజను ఆపి ఉన్నా, 30 డిగ్రీల వేడిలో మా ఏసీలోని ఆర్134ఏ గ్యాస్ పీడనం దాదాపు 97 పీఎస్ఐ ఉంటుంది, టైరులో గాలికి మూడు రెట్లు. మైనస్ 26 డిగ్రీలకే మరిగే ద్రవం కంట్లో పడితే చూపు పోవచ్చు. పైగా భూమిని వేడెక్కించడంలో ఒక కిలో ఈ గ్యాస్ 1,400 కిలోల పైచిలుకు బొగ్గుపులుసు వాయువుతో సమానం. ఆ పని యంత్రంతో గ్యాస్ లాగి నిల్వచేసే వాళ్లదే.

మర్నాడు మధ్యాహ్నం రెండింటికి అమలాపురం దారిలో గంటకు పైగా తిప్పాను. ఎండకు స్టీరింగు చేతికి కాలుతోంది. ఏసీ ఆపి మళ్లీ నొక్కిన ప్రతిసారీ ‘టక్’ మని వినబడింది, గాలి చల్లగానే ఉంది. బురద కవచం మాత్రం ఇంకా దొరకలేదు. ఏరేటరు సామాన్లలోంచి మా కుర్రాడు తెచ్చిన మందపు రబ్బరు షీటును ఆ ఆకారానికి కత్తిరించి, నాలుగు బోల్టులతో బిగించి, వానలు మొదలయ్యేలోపు అసలుది వస్తుందేమోనని చూస్తున్నాను.