పొగమంచుకు పైన ద్రాక్ష

సముద్రం పక్కన ద్రాక్షతోట అంటే చల్లగా, ముసురుగా ఉంటుందనుకుంటాం కదా. కాలిఫోర్నియాలో ఫోర్ట్ రాస్-సీవ్యూ కొండలెక్కాక చూస్తే చుర్రుమనే ఎండ! కింద పసిఫిక్ జాడే లేదు, అంతా పొగమంచు. ఇక్కడి తోటలు చాలావరకు 920 అడుగులకు పైనే ఉంటాయి. పొగమంచు సాధారణంగా అంత ఎత్తుకు రాదు కాబట్టి ఆకులకు ఎండ పుష్కలం. సముద్రం కూతవేటు దూరం కాబట్టి ఆ ఎండ మరీ ముదరదు. అందుకే పినో న్వార్ అనే ఎర్ర వైన్ ద్రాక్ష పులుపు పోగొట్టుకోకుండా నిదానంగా పండుతుంది. 2012లో ఫోర్ట్ రాస్-సీవ్యూను ప్రత్యేక వైన్ ప్రాంతంగా గుర్తించారు.

దక్షిణాన ఉన్న మరో వైన్ ప్రాంతం పెటలూమా గ్యాప్ దారి వేరు. కొండల మధ్య సందులోంచి మధ్యాహ్నానికల్లా సముద్రపు గాలి దూసుకొస్తుంది, టోపీ పట్టుకుని నడవాల్సిందే. గాలి అదేపనిగా వీస్తుంటే ఆకులు పత్రరంధ్రాలు మూసుకుంటాయి, కిరణజన్య సంయోగక్రియ మందగిస్తుంది, పంట ఆలస్యంగా పక్వానికొస్తుంది. పళ్లేమో చిన్నవి, తోలు మందం. హైదరాబాద్ అనాబ్-ఎ-షాహి అనే పెద్ద ద్రాక్ష తిని పెరిగిన నాకు అవి కాయలే అనిపించాయి. కానీ ఎర్ర వైన్‌కు రంగు, వగరు ఎక్కువగా వచ్చేది ఆ తోలు నుంచే. పండు చిన్నదైతే రసంతో పోలిస్తే తోలు వాటా ఎక్కువ.

తీరప్రాంతపు వైన్‌లో సముద్రపు ఉప్పు తగులుతుందని కొందరంటారు. నాకైతే తగల్లేదు, పులుపు మాత్రం గట్టిగానే తగిలింది. నా ఓటు సీవ్యూకే. మా ఆవిడ పెటలూమా అంటోంది, వాదన ఇంకా తెగలేదు.