మాండరిన్ చేప కంటే ముందు దాని మేత పెంచాను

మాండరిన్ చేపని ఒక్కసారి చూస్తే చాలు, కొనేయాలనిపిస్తుంది. ఒళ్లంతా నీలం, దాని మీద నారింజ మెలికలు. చాలా చేపల్లో నీలం వెలుతురు చేసే మాయ, దీనికి మాత్రం చర్మంలోనే నిజంగా ఆ రంగు ఉంటుంది. ఫిలిప్పీన్స్, ఇండోనేషియా వైపు పగడపు దిబ్బల్లో తిరిగే ఈ చేప పగలంతా రాళ్ల మీద కోపీపాడ్లనే నలకంత జీవుల్ని ఏరుకు తింటూనే ఉంటుంది, మనం వేసే గుళికల్ని సాధారణంగా ముట్టదు. అక్వేరియాల్లో ఇవి ఎక్కువగా చచ్చేది ఆకలితోనే.

అందుకే ముందు మేత సంగతి చూశాను. శ్రీకాకుళంలో మా ఇంట్లో ట్యాంకు పెడుతుంటే అమ్మ ఒకటే మాట, "కళింగపట్నం ఇంత దగ్గరుండగా ఉప్పు కొని కలపడం ఏటిరా?" అని. వంశధార సముద్రంలో కలిసేది అక్కడే కదా, వరదొస్తే ఒడ్డు నీళ్లన్నీ బురద, ఉప్పు ఎంతుంటుందో చెప్పలేం. ఆర్వో నీళ్లలో మెరైన్ సాల్ట్ కలిపి సాంద్రత 1.025 దగ్గర ఉంచాను. చేపలకి విషమైన అమ్మోనియా, నైట్రైట్ సున్నాకి వచ్చాక కోపీపాడ్లు వదిలి, వాటికి మేతగా ఫైటోప్లాంక్టన్ (కంటికి కనపడనంత చిన్న నాచు) పోస్తూ నెలల తరబడి ఉత్త రాళ్ల ట్యాంకుని చూస్తూ కూర్చున్నాను, ఇంటికొచ్చిన ప్రతివాళ్లూ "చేపలేవీ?" అని అడిగేవాళ్లే. రాత్రి టార్చి వేస్తే అద్దం మీద తెల్లచుక్కలు గెంతేవి, అదొక్కటే ధైర్యం.

మనకి హీటర్ గొడవ లేదు, ఎండాకాలం నీళ్లు చల్లబరచడమే టెన్షన్. నీటి మీదకి చిన్న ఫ్యాన్ పెట్టాను. దాంతో నీళ్లు ఆవిరైపోతాయి, ఉప్పు మిగిలిపోతుంది, కాబట్టి తగ్గినంతా ఉప్పు లేని ఆర్వో నీళ్లే పోయాలి.

చేపని విశాఖలో కొన్నాను. రంగు ఎలాగూ బాగానే ఉంటుంది, చూడాల్సింది పొట్ట, లోపలికి నొక్కుకుపోయి ఉంటే ఎంత చవకైనా వద్దు. ఇంటికొచ్చాక రాళ్ల మీద ఏరుకోవడం వెంటనే మొదలెట్టింది గానీ నేను అంతటితో ఊరుకోలేదు, ఆర్టీమియా అనే చిట్టి ఉప్పునీటి రొయ్యల గుడ్లు పొదిగించి, మోటార్లు ఆపి, చిన్న గాజు గిన్నెలో ఆ పిల్లల్ని పోసేవాణ్ని. గిన్నె అలవాటయ్యాక అందులోనే ఫ్రోజెన్ మైసిస్ (గడ్డకట్టించిన, రొయ్యల్లాంటి చిన్న జీవులు) కొద్దికొద్దిగా కలిపాను, చాన్నాళ్లు ఉమ్మేసి చివరికి మింగింది.

ఇప్పుడు తమ్ముడు ఇంకోటి తెద్దామంటున్నాడు. వీపు మీద ముందు ముల్లు పొడుగ్గా ఉంటే మగది, మాది మగదే, రెండు మగవి ఒక ట్యాంకులో పడవు. ఆడది దొరికితే, అదీ కోపీపాడ్లు ఇద్దరికీ సరిపోతాయనిపిస్తేనే.