తాడు పట్టుకుని దిగిన పెద్దాయన

పొద్దున్నే మేనేజర్‌తో మీటింగ్. ఆ టెన్షన్‌కి రాత్రి నిద్ర పట్టక ఇబ్న్ ఖల్దూన్ అనే అరబ్ చరిత్రకారుడి గురించి చదువుతూ కూర్చున్నా.

1401, సిరియాలోని డమాస్కస్. చుట్టూ మధ్య ఆసియా నుంచి దండెత్తి వచ్చిన తైమూర్ సైన్యం. లోపలివాళ్లు కోట తలుపులు తీయరు. రాజ్యాలు ఎలా లేస్తాయో, ఎలా కూలతాయో 1377లోనే 'ముఖద్దిమా' అనే పుస్తకంలో రాసిన ఈ మనిషి, 68 ఏళ్ల వయసులో గోడ మీంచి తాడుతో కిందికి దిగి తైమూర్ దగ్గరికి వెళ్లాడు! ఇచ్చిన కానుకల్లో ఖురాన్‌తో పాటు నాలుగు పెట్టెల ఈజిప్టు మిఠాయిలు. (పెద్దవాళ్లింటికి మనమూ ఉత్త చేతులతో వెళ్లం కదా.) తైమూర్ ఆయన ఎక్కి తిరిగే కంచరగాడిదను కూడా అడిగి మరీ తీసుకున్నాడు. ఇంత చేసినా ఊరు మాత్రం తగలబడింది.

పొద్దున నేను మేనేజర్ క్యాబిన్‌కి లిఫ్ట్‌లోనే వెళ్లా. చేతిలో పూతరేకుల డబ్బా అయినా లేదు.